కటీఫ్‌కు గడువు మూడు రోజులు

అసర్ నమాజు ముగిసింది మొదలు మగ్‌రిబ్ అజాన్ వినిపించేదాకా ఉండే సమయం పల్లెల్లో పిల్లలది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోనూ అంతే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ సంస్థల నడుమ ఉన్న కొండాపూర్ కాదు ఇది. శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు నేలలోంచి బయటపడిన పాత ఊరు, పురావస్తు ప్రదర్శనశాల ఉన్న మండల కేంద్రం. ఇక్కడి వీధిలో గోటీలాట నడుస్తూ ఉంటుంది. గోటీ తగిలిందని ఒకడంటాడు, తగల్లేదని మరొకడంటాడు. చూసినవాళ్ళు రెండు జట్లుగా చీలిపోతారు. మాటకు మాట పెరిగి, చివరకు ఒకడు తన గోటీలు జేబులో వేసుకొని ‘నీతో కటీఫ్’ అని ప్రకటించి వెళ్ళిపోతాడు.

తెలంగాణ పిల్లల భాషలో ఇంతకంటే కఠినమైన తీర్పు లేదు. దానికి విరుగుడు కూడా ఒక్క మాటలోనే ఉంది: దోస్తీ. ఈ రెండు మాటల నడుమ వ్యవధి సాధారణంగా ఒక్క పూట. మరీ ఎక్కువైతే ఒక రాత్రి.

పెద్దలకు ఇదంతా పిల్లచేష్టగా కనిపిస్తుంది. కాని మనిషి సాటి మనిషితో కలిసి బ్రతకడం నేర్చుకునేది చాలావరకు ఈ కటీఫ్‌కూ ఈ దోస్తీకీ మధ్యనే. తల్లి ఒడి మహత్తరమైన పాఠశాల, సందేహం లేదు. అయితే తల్లి అలిగిన బిడ్డను తానే వచ్చి బుజ్జగిస్తుంది. ఆటలో కావాలనే ఓడిపోతుంది. తండ్రి మాటకు బిడ్డ తల వంచుతాడు, ఎందుకంటే ఆయన పెద్దవాడు. తోటి పిల్లవాడు ఈ రెండూ చేయడు. వాడు బుజ్జగించడు, తల కూడా వంచడు. వాడితో ఆట కొనసాగాలంటే న్యాయంగా ఆడాలి, అవతలివాడి మాట వినాలి, తప్పు చేస్తే ఒప్పుకోవాలి, ఓడిపోతే మరునాడు మళ్ళీ రావాలి. సమానుల మధ్య మాత్రమే సాధ్యమయ్యే శిక్షణ ఇది.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే ఈ సంగతిని గోటీలాటలోనే పట్టుకున్నాడు. జెనీవా, న్యూషాటెల్ పట్టణాల బాలుర పక్కన కూర్చొని, తనకు ఆట రానట్టు నటించి, నియమాలు నేర్పమని అడిగేవాడు. ఆ పరిశీలనలను 1932లో గ్రంథంగా వెలువరించాడు. చిన్నపిల్లలు ఆట నియమాలను పెద్దల నుండి వచ్చిన, మార్చరాని శాసనాలుగా భావిస్తారు. అయినా ఆడేటప్పుడు ఎవరికి తోచినట్టు వారు ఆడతారు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. నియమం అందరి అంగీకారంతో ఏర్పడుతుందని గ్రహిస్తారు. అప్పుడే దానికి నిజంగా కట్టుబడతారు. ఈ మార్పును తెచ్చేది ఉపదేశం కాదు, తోటివారితో వాదులాట అని పియాజే అభిప్రాయం.

మన ధర్మంలో ఈ కటీఫ్‌కు ఒక హద్దు ఉంది. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానివేయడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఇద్దరూ ఎదురుపడి ముఖాలు తిప్పుకునే ఆ స్థితిలో, ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని కూడా తెలిపారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గమనించవలసిన విషయం ఏమంటే, కోపమే రాకూడదని ఇక్కడ చెప్పలేదు. మనిషికి కోపం వస్తుందని గుర్తించి, దానికి గడువు విధించారు. పిల్లలు ఈ హదీసు చదవకుండానే చాలావరకు పాటిస్తారు. పాటించనిది మనమే. ‘మా వాణ్ణి అంత మాట అంటాడా’ అంటూ తల్లి పక్కింటి గుమ్మం ముందుకు వెళుతుంది. మరునాటి సాయంత్రం ఆ ఇద్దరు పిల్లలూ ఒకే సైకిలు మీద తిరుగుతుంటారు. రెండిళ్ళ పెద్దలు మాత్రం పెళ్ళిపందిరిలో కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, సంవత్సరాల తరబడి.

అన్ని తగాదాలూ ఒక్కటి కావు, నిజమే. ఇద్దరి బలం ఇంచుమించు సమానంగా ఉండి, ఇద్దరూ మళ్ళీ ఆటకు వస్తున్నంతవరకు అది తగాదా. పెద్దలు దూరంగా ఉండి చూడటం మేలు. ఒకడే పదే పదే దెబ్బలు తింటున్నా, డబ్బులు లాక్కుంటున్నా, పిల్లవాడు బడికి వెళ్ళడానికే జంకుతున్నా అది తగాదా కాదు, దౌర్జన్యం. అక్కడ మౌనంగా ఉండటం తల్లిదండ్రులకు తగదు. ఉపాధ్యాయుణ్ణి కలవాలి, అవసరమైతే బాలల సహాయవాణి 1098కి ఫోను చేయాలి.

తలుపుకు తాళం, చేతిలో ఫోను

కొండాపూర్ వంటి ఊళ్ళ నుండి పటాన్‌చెరు వైపు బయలుదేరితే బాల్యం రూపురేఖలు మారిపోతాయి. రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి — అరవైల దశకంలో బీహెచ్‌ఈఎల్ రాకతో మొదలై క్రమంగా విస్తరించిన పారిశ్రామిక ప్రాంతం ఇది. తండ్రికి ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. తల్లి కూడా ప్యాకింగు విభాగంలోనో, మరొకచోటో పనికి వెళుతుంది. మిగిలింది ఒక్క గది అద్దె ఇల్లు. నాయనమ్మ, మేనత్త, పెదనాన్న పిల్లలు అందరూ ఊళ్ళోనే ఉండిపోయారు. ఊళ్ళో పిల్లవాడు తప్పు చేస్తే గంటలోపల ఇంటికి కబురు చేరేది. ఇక్కడ పక్కగదిలో ఎవరున్నారో తెలియదు.

అందుచేత తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అకారణమైనది కాదు. రోడ్డు మీద లారీలు, మూలమలుపులో గుట్కా పొట్లాలు, పాడుబడిన షెడ్డు వెనుక గంజాయి. ‘చెడు సావాసం పడతాడు’ అన్న భయంతో బడి నుండి రాగానే బిడ్డను లోపల ఉంచి, చేతికి ఫోను ఇచ్చి, తలుపుకు తాళం వేసి షిఫ్టుకు వెళతారు. ఆ తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ తాళం దేనిని ఆపింది, దేనిని ఆపలేదు అన్నది మాత్రం ఆలోచించాలి. వీధిలోని నలుగురు పిల్లలను ఆపింది. ఫోనులోని నాలుగు వేల మందిని ఆపలేదు. పైగా ఫోనులో దొరికే సావాసంలో కటీఫ్ చెప్పి మళ్ళీ దోస్తీ కట్టే శ్రమ అసలే లేదు. నచ్చకపోతే వేలితో పక్కకు తోసేయడమే. పది పన్నెండేళ్ళపాటు ఇలా పెరిగినవాడు ఒక్కసారిగా పదిహేనో ఏట వీధిలోకి అడుగుపెడతాడు. అప్పటికి మంచి స్నేహితునికీ చెడ్డ స్నేహితునికీ తేడా కనిపెట్టే నేర్పు వాడికి అలవడి ఉండదు. ఎవరు ముందు భుజం మీద చేయి వేస్తే వారే ఆప్తులు.

ఈ వ్యాసం చెప్పదలచినది ప్రధానంగా ఇదే: చెడు స్నేహం నుండి కాపాడటానికి అసలు స్నేహమే లేకుండా చేయడం కాపాడటం కాదు.

పరిమళమూ పొగా

స్నేహం గురించి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన హదీసు మన ఇళ్ళలో అందరికీ పరిచితమే. మంచి సహచరుణ్ణి కస్తూరి అమ్మేవానితోనూ, చెడు సహచరుణ్ణి కొలిమితిత్తి ఊదేవానితోనూ దైవప్రవక్త (స) పోల్చారు. మొదటివాడు కస్తూరి ఇస్తాడు, లేదా మనమే కొనుక్కుంటాం, ఏదీ కాకపోయినా పరిమళం అయినా అంటుకుంటుంది. రెండోవాడి దగ్గర బట్టలు కాలుతాయి, లేదా దుర్వాసన పడుతుంది. పటాన్‌చెరు పరిసరాలలో నివసించేవారికి ఈ ఉపమానాన్ని వివరించనక్కరలేదు. రసాయన కర్మాగారంలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి చొక్కా ఎన్ని ఉతుకులకూ ఆ వాసనను వదలదు. ఆయన ఆ వాసనను కోరుకోలేదు. అక్కడ నిలబడ్డాడు, అంతే. స్నేహ ప్రభావం పనిచేసే తీరు కూడా అదే. చెడు స్నేహితుడు సాధారణంగా చెడు చేయమని బోధించడు. పక్కన ఉంటాడు.

ఈ ‘పక్కన ఉండటం’ ఎంత బలమైనదో కొలిచి చూసినవారున్నారు. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో మూడు వయోవర్గాలవారి చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోనిస్తే అన్ని పాయింట్లు. మరీ తెగిస్తే ప్రమాదం. ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్ళవారికీ 24 దాటినవారికీ తెగింపులో పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తున్నప్పుడు మాత్రం పెద్దవారిలో మార్పు రాలేదు. కౌమారంలో ఉన్నవారి తెగింపు ఇంచుమించు రెట్టింపయింది. అంటే పిల్లవాడికి ప్రమాదమంటే తెలియక కాదు. ఒంటరిగా అడిగితే మనకంటే చక్కగా జవాబు చెబుతాడు. నలుగురి కళ్ళు తన మీద ఉన్నప్పుడు ఆ తెలివి వెనక్కి తగ్గుతుంది. ముంబయి రహదారి మీద ఒకే బైకు పైన ముగ్గురు కుర్రాళ్ళు హెల్మెట్లు లేకుండా దూసుకుపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఆ ముగ్గురిలో ఏ ఒక్కణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగినా అది తప్పేనంటాడు.

పెద్దలు దీనికి అతీతులని భ్రమపడనవసరం లేదు. ఫుర్ఖాన్ సూరా 27 నుండి 29 వరకు గల ఆయతులలో, తీర్పుదినాన తన చేతులు తానే కొరుక్కుంటూ, ఫలానా వాణ్ణి స్నేహితునిగా చేసుకోకపోతే ఎంత బాగుండేదని వాపోయే మనిషి చిత్రం ఉంది. ఈ సందర్భంలో వ్యాఖ్యాతలు మక్కా నాయకుడు ఉఖ్బా బిన్ అబీ ముయీత్ ఉదంతాన్ని ప్రస్తావిస్తారు. అతడి హృదయం ఒక దశలో సత్యం వైపు మొగ్గింది. ప్రాణమిత్రుడు ఉబయ్ బిన్ ఖలఫ్ ముఖం మాడ్చుకునేసరికి మళ్ళీ మొదటికి వచ్చాడు. గడ్డం నెరిసినవాడే మిత్రుని ముఖం చూసి సత్యాన్ని వదులుకుంటే, పదిహేనేళ్ళవాడు సిగరెట్టు వద్దనలేకపోవడంలో ఆశ్చర్యమేముంది? వాణ్ణి తిట్టే ముందు మనం దీనిని తలచుకోవాలి.

అయితే ఆ ఒత్తిడికి లొంగని కౌమారం కూడా మన చరిత్రలో ఉంది. దైవప్రవక్త (స) పరమపదించేనాటికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వయసు సుమారు పదమూడేళ్ళు. ప్రవక్త సహచరులు ఇంకా ఎందరో సజీవంగా ఉన్నారు కనుక వారినడిగి జ్ఞానం సంపాదిద్దాం రమ్మని ఆయన తన అన్సారీ మిత్రుణ్ణి పిలిచాడు. ఇంతమంది పెద్దలుండగా ప్రజలకు నీ అవసరం పడుతుందా అని ఆ మిత్రుడు ఎగతాళి చేశాడు. ఇబ్నె అబ్బాస్ వాదించలేదు, స్నేహాన్ని తెంచుకోనూ లేదు, ఒంటరిగా బయలుదేరాడు. ఒక హదీసు కోసం ఒక సహచరుని ఇంటికి వెళ్ళి, ఆయన మధ్యాహ్న విశ్రాంతిలో ఉంటే తలుపు తట్టకుండా, గాలికి దుమ్ము ముఖాన కొడుతున్నా గుమ్మం ముందే పడుకొని ఎదురుచూసేవాడు. సంవత్సరాలు గడిచాయి. ఆయన చుట్టూ జనం గుమిగూడి ధర్మసందేహాలు అడుగుతుండగా అదే మిత్రుడు చూశాడు. ఈ కుర్రవాడే నాకంటే వివేకవంతుడని ఒప్పుకున్నాడు.

ఇబ్నె అబ్బాస్‌కు ఆ స్థైర్యం ఎక్కడి నుండి వచ్చింది? తనను గౌరవించే పెద్దలు ఆయనకు ముందే ఉన్నారు. దైవప్రవక్త (స) ఆయనను తన వాహనంపై వెనుక కూర్చోబెట్టుకొని మాట్లాడేవారు, ఆయన జ్ఞానం కోసం ప్రార్థించారు. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) బద్ర్ యోధుల సభలో ఆ యువకునికి చోటిచ్చారు. ఇంట్లో మాటకు విలువ దొరికిన పిల్లవాడు దాని కోసం వీధిలో ఏ మూల్యమైనా చెల్లించడానికి సిద్ధపడడు.

కలిసి మోసే బరువు

తోటి పిల్లల బలం మంచికి వినియోగపడిన ఉదాహరణ మన పక్కనే ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య స్మారకంగా 1981లో ఏర్పడిన ఫౌండేషన్, 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టిచాకిరీలోనూ పొలాల్లోనూ ఉన్న పిల్లలను బడికి మళ్ళించే పని చేపట్టింది. దాని కార్యదర్శి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. పని మాన్పించిన పిల్లలను నేరుగా తమకంటే చిన్నవాళ్ళతో ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతారు. అందుకని వారిని శిబిరాలలో, తమలాగే పని నుండి వచ్చిన తమ ఈడు పిల్లల మధ్య ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. పశువులు కాసినవాడు పశువులు కాసినవాడి పక్కనే కూర్చున్నాడు. నిన్నటిదాకా తనలాగే ఉన్నవాడు ఇవాళ పేరు రాయడం చూశాక, అక్షరం తనకు రాదన్న నమ్మకం ఏ పిల్లవాడిలోనూ నిలవదు. చదువుకొని పెద్దయిన యువకులే మళ్ళీ ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగారు.

మన సమాజానికి మరింత దగ్గరి ఉదాహరణ తెలంగాణ మైనారిటీ గురుకులాలు. 2016 జూన్‌లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగిన ఈ గురుకులాలలో పిల్లలు ఐదో తరగతి నుండే తల్లిదండ్రులకు దూరంగా, రాత్రింబవళ్ళు సమవయస్కుల మధ్య పెరుగుతున్నారు. నాలుగింట మూడు వంతుల సీట్లు మైనారిటీలకు, మిగిలినవి ఇతర వర్గాల పిల్లలకు. ఫజ్ర్ నమాజుకు ఎవరు ఎవరిని లేపుతారు, ఇంటి మీద బెంగపడి ఏడ్చేవాడి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి పచ్చడి డబ్బా ఎవరు ఖాళీ చేస్తారు — వీటికి వార్డెను జవాబు చెప్పలేడు. చదువులు, మార్కుల గురించి అడిగే తల్లిదండ్రులు సందర్శన రోజున ‘నీ పక్క మంచం ఎవరిది?’ అని అడిగి, ఆ పిల్లవాణ్ణి కూడా పిలిచి, తెచ్చిన టిఫిను డబ్బాలో వాడికీ కొంత పెట్టి చూడాలి. ఒక గంటలో తెలిసే సంగతులు నివేదిక కార్డులో దొరకవు.

ఆడపిల్లల విషయం ఇక్కడ విడిగా చెప్పక తప్పదు. మన ఇళ్ళలో అబ్బాయి స్నేహాల గురించి చింతిస్తాం. అమ్మాయి స్నేహాలను మాత్రం పదో తరగతితో ముగించేస్తాం. బడి మాన్పించిన రోజున ఆమె కోల్పోయేది పాఠాలే కాదు; మనసు విప్పి చెప్పుకునే నలుగురు నేస్తాలనూ కోల్పోతుంది. అన్సారీ స్త్రీలు ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఆ స్త్రీలు కలిసికట్టుగా వచ్చి తమకు విడిగా ఒక రోజు కేటాయించమని దైవప్రవక్త (స)ను కోరినట్టు బుఖారీలో ఉంది. ఒంటరి స్త్రీకి ఆ ధైర్యం సులభంగా రాదు. గురుకులాలలో ఇంచుమించు సగం బాలికలవి కావడం ఈ కారణంగా కూడా విలువైనది.

పారిశ్రామిక ప్రాంతంలో మరొక ప్రశ్న ఎదురవుతుంది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చిన కార్మికుల పిల్లలు మన పిల్లల తరగతిలోనే కూర్చుంటున్నారు. భాష వేరు, తిండి వేరు. మన పిల్లలు వారిని వెక్కిరిస్తున్నారా, కలుపుకుంటున్నారా? ఒకే గదిలో కూర్చోబెడితే చాలునని అనుకుంటాం. తుర్కియేలో జన్మించిన శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో దీనిని పరీక్షించాడు. పదకొండేళ్ళ వయసుగల 22 మంది బాలురను వేసవి శిబిరంలో రెండు జట్లుగా విడదీసి పోటీలు పెడితే, కొద్ది రోజుల్లోనే ఒకరి జెండాను ఒకరు తగలబెట్టుకునేదాకా వచ్చింది. కలిపి భోజనం పెట్టారు, సినిమా చూపించారు. అన్నం విసురుకున్నారే గాని వైరం తగ్గలేదు. శిబిరానికి వచ్చే నీళ్ళు ఆగిపోయినప్పుడు, ఆగిన లారీని తాడు కట్టి లాగవలసి వచ్చినప్పుడు, ఏ జట్టుకూ ఒంటరిగా సాధ్యంకాని పనులు వరుసగా ఎదురైనప్పుడు మాత్రమే వారు క్రమంగా కలిశారు. మదీనాలో ముహాజిర్లనూ అన్సారులనూ జంటలుగా సోదరులను చేసినప్పుడు కూడా సోదరత్వం మాటతో ఆగలేదు. ఇల్లు, ఖర్జూరతోట పని, పంట అన్నీ పంచుకున్నారు. మన మస్జిద్‌లో రమజాన్ ఇఫ్తారుకు చాపలు పరచి పండ్లు కోసి పెట్టే పని అబ్బాయిలకు అప్పగించి, ఆ బీహారీ కార్మికుని కొడుకునూ మన మేస్త్రీ కొడుకునూ ఒకే పళ్ళెం దగ్గర కూర్చోబెట్టడం కష్టమైన పని కాదు.

ఇక పిల్లల స్నేహాలలో తల్లిదండ్రులు ఎంతవరకు తొంగిచూడాలి? స్నేహితుల పేర్లు, ఇళ్ళు తెలియాలి. వారు మన ఇంటికి రావాలి. ఇల్లు ఇరుకైనా సరే, చాయ్ ఒక్క కప్పు ఎక్కువ పెట్టడానికి ఇరుకు అడ్డు కాదు. దైవప్రవక్త (స) దారిలో ఆడుకునే పిల్లలకు తామే ముందు సలాం చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. మన వీధి పిల్లలకు మనం ఎందరికి చెబుతున్నాం? ఇంత తెలిసి ఉన్న తండ్రికి కొడుకు ఫోను దొంగచాటుగా తెరిచి చూసే అవసరం సాధారణంగా రాదు. కౌమారం వచ్చాక పిల్లలకు కొన్ని మాటలు తమలో దాచుకునే హక్కు ఉంటుంది.

అనస్ (రజి) పదేళ్ళ వయసు నుండి పదేళ్ళపాటు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఒకనాడు ఆయన తోటి బాలురతో ఆడుకుంటూ ఉండగా దైవప్రవక్త (స) వచ్చి, పిల్లలందరికీ సలాం చెప్పి, ఆయనను ఒక పని మీద పంపారు. ఇంటికి చేరేసరికి ఆలస్యమైంది. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) కారణం అడిగారు. దైవప్రవక్త (స) పని మీద వెళ్ళానన్నాడు. ఏం పని అన్నారు. అది రహస్యమన్నాడు. ఆ తల్లి గద్దించలేదు, బతిమాలలేదు. అయితే ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పకు అన్నారు. వృద్ధాప్యంలో ఈ సంఘటనను తన ప్రియ శిష్యుడు సాబిత్‌కు వివరిస్తూ, ఎవరికైనా చెప్పేవాడినైతే నీకే చెప్పేవాడినన్నారు అనస్. చెప్పలేదు.